ఖారవేల మహారాజు – రాతిమీది సంవత్సరములు



వంశధార నది సముద్రములో కలియు చోట కళింగపట్నము గలదు. ఒకప్పుడు ఓడలు వచ్చి పోయిన రేవు అది. నేడు అక్కడ దీపస్తంభమును, ఇసుక తిన్నెలును, జాలరుల పడవలును కనబడును. కొలది దూరమున, నది యొడ్డున, శాలిహుండము కొండమీద బౌద్ధుల స్తూపములు శిథిలమై యున్నవి. ఈ తీరమున కాపురముండు వారికి తుపాను కొత్త కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస యొద్ద తీరము దాటి కొబ్బరిచెట్లను, జీడితోటలను నేల కూల్చెను. 2021 సెప్టెంబరు 26వ తేదీని గులాబ్ తుపాను కళింగపట్నమునకు సమీపముననే తీరము దాటెను. ఇంటి కప్పు ఎగిరిపోయిన మరునాడు మొదట ఏ పని చేయవలెనో ఈ ప్రాంతపు వారికి ఎవరును నేర్పనక్కరలేదు.

సుమారు రెండువేల సంవత్సరముల క్రిందట ఈ కళింగ దేశమును ఏలిన యొక రాజు, తన యేలుబడి లెక్కను ఒక తుపాను సంగతితోనే ప్రారంభించెను. ఆయన పేరు ఖారవేలుడు. ఆయన జీవితమును ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

ఆయన చరిత్ర ఏ తాటాకు పుస్తకములోను మనకు దొరకలేదు. ఒడిశాలో భువనేశ్వరమునకు సమీపముననున్న ఉదయగిరి కొండలో హాథీగుంఫా, అనగా ఏనుగు గుహ, అనునది యొకటి కలదు. దాని నుదుటిమీదను కప్పుమీదను 17 పంక్తులు చెక్కబడియున్నవి. లిపి బ్రాహ్మీ, భాష ప్రాకృతము. రాజు మొదటి యేట ఇది చేసెను, రెండవ యేట ఇది చేసెను అని పదుమూడవ యేటివరకు వరుసగా అందులో వ్రాయించిరి. రాజుల గ్రంథములు చదివినవారికి ఈ పద్ధతి తెలిసినదే. ఫలాని రాజు ఏలుబడిలో ఇన్నవ యేట అనియే అక్కడను లెక్క. లూకా కూడ యోహాను బోధ మొదలైన కాలమును తిబెరి కైసరు ఏలుబడిలో 15వ యేడని గుర్తు పెట్టెను.

ఇట్టి రాతి లెక్క మరియొకటి గ్రీకు దేశమున కలదు. యోహాను చెరనున్న పత్మాసు ద్వీపమున్న సముద్రములోనే పారోసు అను ద్వీపము ఉన్నది. తెల్లని చలువరాతికి అది ప్రసిద్ధి. అక్కడ క్రీ.పూ. 264వ సంవత్సర ప్రాంతమున ఎవరో యొకరు పెద్ద చలువరాతి పలకమీద గ్రీకుల కాలచరిత్రను చెక్కించిరి. ఏథెన్సు తొలిరాజు మొదలుకొని తన కాలమువరకు, ఒక్కొక్క సంగతి ఎన్ని యేండ్ల క్రిందట జరిగెనో అందులో లెక్క కట్టిరి. పూర్వకాలపు జలప్రళయమొకటి, ట్రాయి యుద్ధము, కవుల విజయములు, అలెగ్జాండరు దండయాత్రలు అందులో నున్నవి. దాని తునకలు బైబిలులోని స్ముర్న పట్టణమున కొనబడి 1627లో లండను చేరెను. మరుసటి యేట సెల్డెను అను పండితుడు దానిని అచ్చు వేయించెను. అటు తరువాత ఇంగ్లాండులో జరిగిన అంతర్యుద్ధపు దినములలో ఆ రాతి పైభాగము పోయినది. పొయ్యి గూడు బాగుచేయుటకు వాడిరని చెప్పుదురు. అచ్చు ప్రతి యుండుటచేతనే ఆ భాగములోని సంగతులు నేడు తెలియుచున్నవి. మిగిలిన భాగము ఆక్స్‌ఫర్డులో నున్నది.

ఆ చలువరాతికిని మన గుహరాతికిని ఒక భేదము గలదు. అక్కడ సంవత్సరములు తెలియును గాని చెక్కించినవాని పేరు తెలియదు. ఇక్కడ చేసినవాని పేరును చేసిన పనులును తెలియును గాని, అది ఏ కాలమో నిశ్చయముగా తెలియదు. ఖారవేలుడు తన యేలుబడి యేండ్లను లెక్కించెనే గాని, అందరికి తెలిసిన శకముతో వాటిని ముడివేయలేదు.

ఆయన మహామేఘవాహన వంశీయుడు, చేది కులమువాడు. పదునైదు సంవత్సరములు రాకుమారుని ఆటపాటలతో గడిపెను. పిమ్మట తొమ్మిది సంవత్సరములు యువరాజుగా నుండెను. వ్రాత, నాణెముల పరీక్ష, లెక్కలు, న్యాయవ్యవహారము మొదలగు విద్యలలో ఆయన ఆరితేరెనని శాసనము చెప్పుచున్నది. లెక్కలును న్యాయమును పేర్కొనుట గమనింపదగినది. ఇరువదినాలుగు సంవత్సరములు నిండినప్పుడు ఆయనకు పట్టాభిషేకము జరిగెను.

ఆ మొదటి యేట కళింగనగరి తుపాను దెబ్బ తిని యుండెను. కోట గుమ్మములు, ప్రాకారములు, ఇండ్లు కూలియుండెను. క్రొత్త రాజు వాటినన్నిటిని బాగుచేయించెను. చల్లని నీళ్ల చెరువుకు గట్లు వేయించి, తోటలను తిరిగి నాటించెను. ఇందుకు 35 లక్షలు వ్యయమైనవని కొందరును, 35 లక్షల ప్రజలను ఆయన సంతోషపెట్టెనని కొందరును ఆ పంక్తిని చదివిరి.

ఆ కళింగనగరి ఎక్కడ? భువనేశ్వరము ప్రక్కనున్న శిశుపాలగఢములో 1948లో త్రవ్వగా గొప్ప కోట పట్టణము బయలుపడెను. అదియే కావచ్చునని అనేకుల తలంపు. తరువాతి కాలమున గంగరాజులకును కళింగనగరము అను రాజధాని యుండెను. దానిని కొందరు కళింగపట్నమనిరి. మన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు శాసనములు పరిశీలించి, అది వంశధార తీరమునందలి ముఖలింగమే అని చూపిరి. రాజధాని ఎక్కడున్నను, గాలివాన వచ్చు తీరము మాత్రము ఒక్కటే.

రెండవ యేట ఆయన శాతకర్ణి రాజును లెక్కచేయక పడమటికి సేనను పంపెను. మూడవ యేట నగరములో నాట్యము, పాట, వాద్యములతో ఉత్సవములు చేయించెను. ఆయన తానే సంగీత విద్య నెరిగినవాడు. నాలుగవ యేట పడమటి దేశపు రఠికులును భోజకులును ఆయనకు లోబడిరి.

అయిదవ యేటి పని రైతులమైన మనకు బాగుగా అర్థమగును. పూర్వము నందరాజు త్రవ్వించిన కాలువ యొకటి తనసులి మార్గమున ఉండెను. దానిని ఖారవేలుడు పొడిగించి నగరములోనికి నీరు తెప్పించెను. మరియొకడు త్రవ్వించినదని దానిని విడిచిపెట్టలేదు. నందరాజు కళింగమును కొల్లగొట్టిన శత్రువు. అయినను త్రవ్వించినవాని పేరు రాతిమీద వ్రాయించుటకు ఈయన సిగ్గుపడలేదు. ఆరవ యేట పట్టణవాసులకును పల్లెవారికిని పన్నులు మాఫీ చేసెను. వాటి విలువ అనేక లక్షలని వ్రాయబడెను.

ఏడవ యేటి పంక్తి అరిగిపోయి స్పష్టముగా లేదు. ఎనిమిదవ యేట ఆయన మగధమీదికి దండెత్తి గోరథగిరిని కొట్టి రాజగృహమును బాధించెను. ఆ వార్త విని యవనరాజు, అనగా గ్రీకు రాజొకడు, మధురకు వెనుకకు మరలెనని చెప్పబడెను. తొమ్మిదవ యేట ఆయన బ్రాహ్మణులకు దానములు చేసి, మహావిజయ ప్రాసాదము అను మేడను 38 లక్షలు పెట్టి కట్టించుకొనెను. ఇక్కడ ఒకింత ఆగి ఆలోచింపవలెను. రాజు మేడ తొమ్మిదవ యేటిది. ప్రజల ఇండ్లు మొదటి యేటివి. ఈ వరుస ఆయన కీర్తికి తక్కువైనది కాదు.

అయితే ఆయన లెక్కలో నల్లని పంక్తియు ఒకటి గలదు. పదియవ యేట ఉత్తర దిక్కునకు దండయాత్ర జరిగెను. పదకొండవ యేట ఆయన పితుండ అను పట్టణమును నాశనము చేసి, గాడిదలు పూన్చిన నాగళ్లతో దున్నించెను. ప్టోలెమీ అను గ్రీకు భూగోళ పండితుడు పితుంద్ర అను పేరుగల పట్టణమును మైసోలియ జనుల ముఖ్యపట్టణముగా చెప్పెను. ఆ జనులది కృష్ణానది ప్రాంతము. సిల్వేన్ లెవీ అను ఫ్రెంచి పండితుడు దానిని శ్రీకాకుళము, కళింగపట్నములకు లోపలి భాగమున, నాగావళి వైపున వెదకవలెననెను. ఎక్కడిదైనను, ఒకప్పుడు పిల్లలు ఆడుకొనిన వీధులవి, స్త్రీలు నీళ్లు తోడుకొనిన బావులవి. ఎద్దులు దున్నిన నేల పంటకు పనికివచ్చును. గాడిదలతో దున్నించుట పంటకొరకు కాదు, ఓడినవారిని అవమానపరచుటకు. తుపానుకు పడిన గోడలను లేవనెత్తినవాడే నిలిచియున్న గోడలను పడగొట్టెను. రెండును ఒకే రాతిమీద, ఒకే ఉలితో చెక్కబడినవి. రెండవదానికి ఆయన పశ్చాత్తాపపడిన గురుతు అక్కడ లేదు.

ఇక్కడ అశోకుని తలంచుకొనుట సహజము. క్రీ.పూ. 261 ప్రాంతమున ఆయన కళింగమును జయించినప్పుడు లక్షమంది చంపబడిరి, లక్షన్నరమంది చెరపట్టబడిరి. అందుకు తాను ఎంతో దుఃఖించినట్లు ఆయన శిలలమీద వ్రాయించెను. మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండమీదను ఆ శాసనము ఉన్నది. కాని కళింగములోనే యున్న ధౌళి, జౌగడ శిలలమీద మాత్రము అది లేదు. గాయపడినవారి దేశములో ఆ మాట వ్రాయలేదు. మన గ్రంథములో దావీదు పాపము దాచక చెప్పబడినది. రాజులు తామే చెక్కించుకొను రాళ్లకు అది కష్టమైన పని.

పండ్రెండవ యేట ఖారవేలుడు తిరిగి మగధమునకు పోయి, తన ఏనుగులకు గంగనీరు త్రాగించి, ఆ దేశపు రాజును తన పాదములకు నమస్కరింపజేసెను. పూర్వము నందరాజు ఎత్తుకొనిపోయిన కళింగ జినుని పీఠమును తిరిగి తన దేశమునకు తెచ్చెను. పాండ్యరాజు ఆయనకు ముత్యములును రత్నములును పంపెను. పదుమూడవ యేట ఆయన కుమారీ పర్వతమున, అనగా నేటి ఉదయగిరిలో, జైన మునులు వానకాలమున తలదాచుకొనుటకు గుహలు చేయించి వారికి పోషణ ఏర్పాటు చేసెను. ఆయన జైన మతమును అనుసరించినవాడు. అయినను అన్ని మతములవారిని గౌరవించెననియు, అందరి దేవాలయములను బాగుచేయించెననియు శాసనపు చివర పంక్తి చెప్పుచున్నది.

అంతటితో రాయి మౌనము వహించును. పదునాలుగవ యేడు లేదు. అప్పటికి ఆయన వయస్సు నలుబది యేండ్లు లేవు. ఎట్లు మరణించెనో, ఎక్కడ మరణించెనో రాయి చెప్పదు. ఆ కొండమీదనే మంచపురి గుహలో ఆయన పట్టపురాణి మునులకొరకు చేయించిన గుహ శాసనమొకటి గలదు. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో సిరిసద అను మహారాజు పేరు దొరికెను. ఆయనయు మహామేఘవాహన బిరుదు ధరించి, కళింగమునకును మహిషకమునకును అధిపతి ననుకొనెను. ఆ వంశపు పేరు మన తెలుగుదేశపు నడుమ వరకు వచ్చినదని దీనివలన తెలియుచున్నది.

ఆయన కాలమును నిర్ణయించుటకు పండితులు నూరు సంవత్సరములకు పైగా శ్రమపడిరి. 1837లో ప్రిన్సెపు ఈ శాసనమును ప్రకటించెను గాని రాజు పేరు సరిగా పోల్చుకొనలేకపోయెను. 1885లో భగవాన్‌లాల్ ఇంద్రజీ ఖారవేలుడను పేరు చదివెను. ఒక పంక్తిలో మౌర్య శకము 165 అని యున్నదని కొందరు తలంచిరి. తరువాతివారు మరల పరీక్షించి, అక్కడ అట్టి లెక్కయే లేదనిరి. నందుని కాలువను గూర్చిన మాటను 103 సంవత్సరములని యైనను, 300 సంవత్సరములని యైనను చదువవచ్చును. నందవంశము సుమారు క్రీ.పూ. 322లో అంతరించెను. 103 అన్నచో ఖారవేలుడు మౌర్యులు బలముగా ఏలుచున్న కాలమునకు వచ్చును; అది పొసగదు. గనుక అనేకులు 300 అని తీసికొని, ఆయనను క్రీ.పూ. మొదటి శతాబ్దమున ఉంచుదురు. మరికొందరు అంతకు ముందు శతాబ్దమందురు.

ప్రియులారా, అంత గొప్ప రాజు తన సంవత్సరములను రాతిమీద లెక్కించి పెట్టుకొనెను. రెండువేల యేండ్ల గాలియు వానయు ఆ అక్షరములను అరగదీసినవి. ఒక యేడు కనబడదు, ఒక మాటకు రెండు అర్థములు వచ్చును, రాజు పుట్టిన సంవత్సరము ఎవరికిని తెలియదు. 38 లక్షల మేడ జాడ లేదు. గంగలో నీళ్లు త్రాగిన ఏనుగులు లేవు. అయినను గాలివానకు కూలిన గుమ్మములను లేవనెత్తెను, చెరువుకు గట్టు వేయించెను, కాలువ నీరు తెప్పించెను, పన్ను విడిచిపెట్టెను అను మాటలు చదువునప్పుడు మన హృదయము ఆ దూరపు రాజును ఎరిగినట్లు తోచును. పితుండ దున్నిన మాట చదువునప్పుడు అదే హృదయము వెనుదీయును.

మన సంవత్సరములను ఎవరును రాతిమీద చెక్కరు. కుటుంబ బైబిలు మొదటి పుటలో పుట్టినదినమును, పెండ్లిదినమును వ్రాసికొందుము, అంతే. కాని గడచిన తుపానులో ఎవరి ఇంటికి మనము తాటాకు మోసితిమో, ఎవరి గట్టుకు బుట్టెడు మన్ను వేసితిమో, ఎవరి పొలమును పంతముకొద్ది పాడు చేసితిమో ఇరుగుపొరుగువారికి జ్ఞాపకముండును. ఈ యేడు ముగియకముందు ఆ లెక్కను మనమే యొకసారి చూచుకొందము. కట్టవలసిన గోడ మిగిలియున్నచో కట్టుదము. దున్నించిన వీధి యున్నచో, ఆ ఇంటివారి యొద్దకు పోయి తప్పు ఒప్పుకొందము. ఖారవేలుని రాతిమీద ఆ యొక్క పంక్తికి చోటు దొరకలేదు. మనకు ఇంకను దినములున్నవి.