అశ్వహృదయం తెలిసిన నిజాం

నలమహారాజు బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణుని అశ్వశాలలో కొలువున్ననాటి కథ మన విద్యార్థులకు తెలియనిది కాదు. ఒక్క పగటిలో విదర్భకు చేరవలసిన అవసరం వచ్చినప్పుడు, బాహుకుడు శాలలో నున్నగా బలిసిన గుఱ్ఱాలను విడిచిపెట్టి, డొక్కలంటుకొని బక్కచిక్కి కనిపించే సింధుదేశపు గుఱ్ఱాలను నాలుగింటిని ఏరి తెచ్చినాడు. ఋతుపర్ణుడు వాటిని చూచి విసుగుకొన్నాడు. బాహుకుడు వాటి ఒంటిమీది సుడులను చూపి, ఈ పనికి ఇవే తగినవని ఒప్పించి రథం కట్టినాడు. దారిలో రాజు తన విద్య చూపదలచి తాండ్రచెట్టు ఆకులను, కాయలను నిలుచున్నపాటున లెక్క చెప్పినాడు. ఒకనిది అశ్వహృదయం, మరొకనిది అక్షహృదయం. ఆ ఇద్దరూ విద్యలు మార్చుకొన్న తరువాతనే కలి నలుని విడిచినాడు.

గుఱ్ఱాన్ని చూచి దాని సత్తువ గ్రహించడం ఒక విద్య, లెక్కకట్టి పందెం ఎటు మొగ్గునో ఊహించడం వేరొక విద్య అని ఈ ఘట్టం పాఠం చెప్పేటప్పుడు నేను అంటూ ఉంటాను. గోదావరిఖనిలో నా ఎదుట కూర్చున్న పిల్లలలో చాలమంది తండ్రులు బొగ్గుగనులలో దిగే కార్మికులు. జీతాలనాటి సాయంత్రం పేకముక్కల దగ్గరనో, దినపత్రికలో పందెపు గుఱ్ఱాల పట్టిక దగ్గరనో ఏమి జరుగునో వారు ఎరుగుదురు. నలుని జూదానికి అక్కడ వ్యాఖ్యానం అక్కరలేదు. ఒకనాడు ఒక పిల్లవాడు లేచి, అశ్వహృదయం తెలిసిన రాజు నిజంగా ఎవరైనా ఉన్నారా అని అడిగినాడు. అతనికి నేను చెప్పిన పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. హైదరాబాదు ప్రజలు మహబూబ్ అలీ పాషా అని ముద్దుగా పిలుచుకొన్న ప్రభువు ఆయనే.

1866 ఆగస్టులో పురానీ హవేలీలో జన్మించిన ఈయన, తండ్రి అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో గతించగా, మూడేండ్లు నిండకమునుపే గద్దెనెక్కినాడు. రాజ్యభారం మొదటి సాలార్‌జంగు, షంసుల్ ఉమరాలు వహించినారు. బాలునికి ఫార్సీ, అరబ్బీ, ఉర్దూలతోపాటు ఇంగ్లీషు కూడ చెప్పించడానికి సాలార్‌జంగు క్లర్క్ అనే దొరను నియమించినాడు. పుస్తకంమీద ఎంత మనసు నిలిచినదో గాని, గుఱ్ఱపుస్వారీ మాత్రం ఒంటికి పట్టినది. బల్లెంతో మేకు పెకలించే ఆటలో, వేటలో, తుపాకి గురిలో ఆయన ప్రావీణ్యాన్ని చూచినవారు శత్రుమిత్రభేదం లేక మెచ్చుకొన్నారు. పదేండ్ల ప్రాయంలో 1877 నాటి ఢిల్లీ దర్బారుకు సాలార్‌జంగు వెంట వెళ్ళినాడు. 1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగు ఆకస్మికంగా మరణించినాడు. మరుసటి ఏడు ఫిబ్రవరి 5వ తేదీన వైస్రాయి రిప్పన్ ప్రభువు హైదరాబాదు వచ్చి పదునేడేండ్ల మహబూబ్ అలీకి సంపూర్ణాధికారం అప్పగించినాడు.

గుఱ్ఱప్పందాలు హైదరాబాదులో అంతకుముందే వేళ్ళూనినవి. సికింద్రాబాదు, బొల్లారం దండులలోని తెల్లదొరలకు అవి వినోదం. 1868 నుండి మౌలాలీ మైదానంలో పందాలు నడుస్తుండేవి. 1886లో ఇరువదేండ్ల నవాబు ఆ పందాలను మలక్‌పేటకు, తన మహబూబ్ మాన్షన్ చెంతకు తరలించినాడు. నేటికీ అక్కడనే నడుస్తున్నవి. దండు దొరల వేడుక నగర వేడుకగా మారినది అప్పుడే. గుఱ్ఱం ఎక్కడం, దింపడం బాగుగా తెలిసిన అఫ్సర్‌జంగు వంటి సేనానులు ప్రభువు చెంతనే ఉండేవారు. ఆ కాలపు పందాలలో బొంబాయి రేవున దిగిన అరబ్బు గుఱ్ఱాలు, మద్రాసు రేవున దిగిన ఆస్ట్రేలియా గుఱ్ఱాలు పరుగెత్తేవి.

గుఱ్ఱాన్ని పరీక్షించే శాస్త్రం మనకు కొత్తది కాదు. శాలిహోత్రుని పేర, నకులుని పేర సంస్కృతంలో అశ్వశాస్త్రాలున్నవి. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణవిలాసం రచించినాడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పుతూ, దూరదేశాలనుండి మేలైన గుఱ్ఱాలను తెచ్చే వర్తకులను ఆదరించి తనవారిని చేసికోవలెనని, లేకున్న ఆ గుఱ్ఱాలు పగవాని పాలగునని హెచ్చరించినాడు. అయితే పాతశాస్త్రాలకు సుడులు ప్రధానం. ఏ సుడి ఎక్కడ ఉంటే యజమానికి శుభమో, ఎక్కడ ఉంటే చేటో వాటిలో పుటలకొద్ది ఉన్నది. పందెపు మైదానం ఈ సుడులను లెక్కచేయదు. అక్కడ గుఱ్ఱం పరువం, వీపుమీది బరువు, దూరం, నేల తడి, రౌతు నేర్పు, ఇటీవలి పరుగులు, ఇవే లెక్క. మేలుగుఱ్ఱానికి బరువు పెంచి, తక్కువదానికి తగ్గించి, అన్నింటినీ ఒక గీతకు తెచ్చే పద్ధతిని పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఇంగ్లండులో అడ్మిరల్ రౌస్ అనే దొర స్థిరపరచినాడు. మన దేశంలో అరబ్బులకు, పొట్టిగుఱ్ఱాలకు పొడవును కొలిచి అంగుళాల లెక్కన బరువు వేసేవారు.

ఈ పరీక్షలన్నింటిలో కఠినమైనది కంచెలు దూకే పందెం. 1752లో ఐర్లండులో ఇద్దరు పెద్దమనుషులు ఒక చర్చి గోపురం గురిగా పెట్టుకొని, మరొక చర్చి గోపురందాక చేలు, గోడలు, వాగులు దాటి పరుగెత్తినారట. ఆ పందేనికి గోపురం పేరే నిలిచినది. 1839 నాటి లివర్‌పూల్ మహాపందెంతో దానికి ప్రపంచఖ్యాతి వచ్చినది. మన దేశంలోను దండు దొరలు దీనిని ఆడినారు. కలకత్తాలో టాలీగంజి దానికి పెట్టినది పేరు. నేడు మలక్‌పేటలో సమతలపు పందాలే గాని దూకుడు పందాలు లేవు.

సమతలపు పందెంలో ఏ గుఱ్ఱం ముందు వచ్చునని అడుగుతారు. దూకుడు పందెంలో అంతకుముందు అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది. ఏ గుఱ్ఱం చివరిదాక నిలుచును? ఎంత వడిగలదైనా మూడవ కంచె దగ్గర కూలినచో దాని వడికి విలువ లేదు. కావున పరీక్షకుడు గెలిచిన పరుగులకంటె పడిన పరుగులను శ్రద్ధగా చదువవలె. అలసి పడినదా, తొందరపడి పడినదా, లేక ముందు పడ్డ మరొక గుఱ్ఱం కాళ్ళకు అడ్డమై పడినదా? మొదటిది సత్తువ లోపం, రెండవది స్వభావం, మూడవది కేవలం దురదృష్టం. మొదటి రెంటికీ పట్టికలో కనిపించే గుర్తు ఒక్కటే, మూడవదానికి మాత్రం వేరు. కంచెకు ఎంత దూరంలో కాలెత్తుచున్నది, తప్పటడుగు పడితే మళ్ళీ ఎట్లు నిలదొక్కుకొంటున్నది అన్నవి కంటితో చూడవలసినవే. సమతలంలో అంతగా తెలియని కొద్దిపాటి బరువు, బురదనేలమీద నాలుగు మైళ్ళు పోయేసరికి కొండయై కూర్చుంటుంది. అందుచేతనే ఈ పందేనికి లేబ్రాయపు గుఱ్ఱాలు కాక, ఎముక ముదిరినవి కావలె. మన నిఘంటుకారులు అశ్వగతులను అయిదుగా చెప్పి వాటిలో ప్లుతాన్ని, అనగా దూకుడును, ఒకటిగా లెక్కించినారు. ఆ మాట విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

ఇక ధర సంగతి. ఒకటికి నాలుగు ఇస్తామని పందెగాడు పలికినచో, ఆ గుఱ్ఱం అయిదింట ఒకమారు గెలువగలిగితేనే కాచినవానికి నష్టం లేదు. ఆ ధర జనుల అభిప్రాయాన్ని చెప్పుతుంది గాని గుఱ్ఱం బలాన్ని చెప్పదు. పందెగాడు తన లాభం అందులోనే మినహాయించుకొనును. ఈ చిన్న గుణకారం తెలియక మునిగిన ఇళ్ళు మా కార్మికవాడలలో లేకపోలేదు.

పాషా కథకు వస్తాను. ఆయన గుఱ్ఱాలను ఎన్నుకొన్నంత నిదానంగా మనుషులను ఎన్నుకొన్నాడా? ఇక్కడ నాకు సందేహం కలుగుతుంది. మలక్‌పేటలో పందాలు మొదలైన ఆ 1886వ సంవత్సరంలోనే మా ప్రాంతపు చరిత్రను మలుపు త్రిప్పిన మరొక పందెం లండన్‌లో జరిగింది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు దాపున బొగ్గును కనుగొన్నాడు. దానిని తవ్వే హక్కు 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి దక్కింది. ఆ వ్యవహారం నడిపించిన రాజ్యోద్యోగి అబ్దుల్ హక్ తనకు దక్కిన వాటాలను ముఖవిలువకంటె ఎక్కువ ధరకు నిజాం ప్రభుత్వానికే అంటగట్టినాడు. పందెపు భాషలో చెప్పవలెనంటే, రౌతే పందెగానితో చేయి కలిపినాడు. గుట్టు బయటపడి 1888లో బ్రిటిషు పార్లమెంటు సంఘం విచారణ జరిపినది. అబ్దుల్ హక్ కొలువు పోయింది. ఇరువది రెండేండ్ల ప్రభువుకు కంపెనీ వాటాల మర్మం చెప్పగలవారు కొలువులో ఎందరుండిరి? మొదటి సాలార్‌జంగు బ్రతికియున్నచో ఇట్లు జరిగెడిది కాదని నా నమ్మకం. ఆయన కుమారుడు రెండవ సాలార్‌జంగు మూడేండ్లకే దివాన్‌గిరీ వదలవలసివచ్చింది. తరువాత అస్మాన్ జా, వికారుల్ ఉమరా వచ్చినారు. 1901లో మహారాజా కిషన్ పర్షాద్ వచ్చినాడు. మంత్రులను మార్చేటప్పుడు రెసిడెంటు కనుసన్న కూడ చూడవలసివచ్చేదని మరువరాదు. పాషా వీపుమీది బరువు ఆయన వేసికొన్నది కాదు.

వజ్రపు కథ అందరికీ తెలిసినదే. 1891లో జాకబ్ అనే రత్నాల వర్తకుడు తెచ్చిన 184 కారట్ల పైచిలుకు వజ్రం బేరం తగవై కలకత్తా న్యాయస్థానం దాక పోయింది. వర్తకుడు నిర్దోషిగా విడుదలైనాడు. వజ్రం పాషాకే మిగిలింది గాని, ఆయనకు దానిమీద రోత పుట్టింది. ఆయన పోయిన తరువాత కుమారునికి అది చెప్పుజోడు మొనలో దొరికిందట. ఆ కుమారుడే కాగితాలు ఎగిరిపోకుండ దానిని బరువుగా వాడుకొన్నాడు. 1902లో కర్జన్ ప్రభువు వచ్చి, బీరారును ఏటా 25 లక్షల రూపాయల కౌలుకు శాశ్వతంగా వ్రాయించుకొని పోయినాడు. ఆ సంతకం పాషాను జీవితాంతం బాధించినదని చరిత్రకారులు అంటారు.

ఆయన పేరు నిలిపినది 1908వ సంవత్సరం. సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరంలో వేలకొద్ది జనాన్ని పొట్టన పెట్టుకొన్నది. పాషా తన మహళ్ళ తలుపులు తెరిపించి నిరాశ్రయులను చేర్చుకొన్నాడు, అన్నం పెట్టించినాడు. బ్రాహ్మణులు చెప్పగా ఆయన నదికి హారతి పట్టినాడని జనశ్రుతి. అది జరిగినదో లేదో గాని, జనం దానిని నమ్మినారు. పాముకాటుకు ఆయన పేర ఒట్టుపెట్టితే విషం దిగునని పల్లెలలో నమ్మినట్లే నమ్మినారు. మరల వరద రాకుండ ఉపాయం చెప్పుమని 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించినారు. ఆయన ఆలోచన ఫలమే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువులు. ఈ ఒక్క ఎన్నికకు పాషా ప్రభుత్వాన్ని నేను మనసారా మెచ్చుకొంటాను.

ఆ చెరువులను చూచే భాగ్యం ఆయనకు లేకపోయింది. 1911 ఆగస్టు 29వ తేదీన ఫలక్‌నుమా మహలులో, నలుబదియయిదేండ్ల వయసున కన్నుమూసినాడు. మక్కా మసీదు ఆవరణలో, పూర్వీకుల సరసన ఖననం చేసినారు. నాడు దక్కన్ కంపెనీ చేతిలో ఉండిన బొగ్గు 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ క్రిందికి వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో ఎక్కువ వాటాలను కొన్నది. గోదావరి ఒడ్డున రామగుండం నేలలో గనులు తెరిచేనాటికి పాషా గతించి సుమారు అర్ధశతాబ్ది కావచ్చింది.