బూడిదలో మిగిలిన కేరీ

మనం ఏళ్ల తరబడి నేర్చుకుని కూడబెట్టినదంతా ఒక్క రాత్రిలో కాలిపోతే, తెల్లారేసరికి మనం ఎవరిగా మిగులుతాం? 1812లో విలియం కేరీకి ఎదురైన ప్రశ్న ఇదే.

1761లో ఇంగ్లండులో ఒక పేద నేతగాని ఇంట పుట్టిన కేరీ చెప్పులు కుట్టే పనిలో చేరాడు. పని చేసుకుంటూనే లాటిన్, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకున్నాడు. కాగితాలు అతికించి చేసిన ప్రపంచ పటాన్ని గోడకు తగిలించి, ఒక్కో దేశం గురించి చదివిన సంగతులన్నీ దానిమీద రాసుకునేవాడు. అలా చుక్కచుక్కగా పోగైన జ్ఞానంతో 1793లో బెంగాల్ చేరాడు. ఇక్కడి పండితుల వద్ద విద్యార్థిగా కూర్చున్నాడు. 1801 నుంచి కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో తానే భాషలు బోధించాడు. శ్రీరాంపూర్‌లో మార్ష్‌మన్, వార్డ్‌లతో కలిసి బైబిలును అనేక భారతీయ భాషల్లోకి తెచ్చే పనికి పూనుకున్నాడు.

1812 మార్చి 11 సాయంత్రం శ్రీరాంపూర్ ముద్రణాలయం అంటుకుంది. అప్పుడు కేరీ కలకత్తాలో ఉన్నాడు. కాగితం, అచ్చు అక్షరాలు, బైబిలు అనువాదాల రాతప్రతులు, ఎంతో శ్రమించి కూరుస్తున్న బహుభాషా నిఘంటువు కాలిపోయాయి. మన తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా ఆ మంటల్లోనే పోయింది.

శిథిలాల మధ్య నిలిచి కేరీ కన్నీరు పెట్టాడు. కానీ దేవుణ్ణి నిందించలేదు. తన మీద, తన పని మీద కాక దేవుని మీదే ఆనుకోవడం నేర్పే శిక్షణగా దాన్ని స్వీకరించాడు. మళ్లీ కలం పట్టాడు. కాగితం కాలింది గానీ, ఆ కాగితం నింపడానికి పడిన పాట్లు అతనిలో నేర్పుగా మిగిలాయి. 1814లో తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ నిఘంటువు మాత్రం మళ్లీ పూర్తి కాలేదు. అయినా కేరీ కేరీగానే మిగిలాడు.

ఎందుకంటే పాండిత్యాన్ని ఆయన ఎన్నడూ తన పేరుగా చేసుకోలేదు. పెద్దల విందులో ఎవరో తన పాత వృత్తిని ఎత్తిచూపితే, తాను చెప్పులు తయారు చేసేంతవాణ్ణి కూడా కాననీ, పాతవి బాగుచేసేవాణ్ణి మాత్రమేననీ నెమ్మదిగా సరిదిద్దాడు. 1834 జూన్ 9న కన్నుమూసే ముందే, సమాధిపై ఏం చెక్కాలో చెప్పి ఉంచాడు: తన పేరు, జనన మరణ తేదీలు, రక్షకుని కృపను ఆశ్రయించిన దీనుడిగా తనను చెప్పుకునే రెండు కీర్తన చరణాలు. భాషల లెక్క, బిరుదుల ఊసు లేవు.

ఫిలిప్పీ పత్రికలో పౌలు కూడా తన వంశాన్నీ విద్యనూ లెక్కపెట్టి, క్రీస్తు ముందు వాటిని నష్టంగా ఎంచుకున్నాడు. అయినా నేర్చుకోవడం మానలేదు, చెరసాలలోనూ పుస్తకాలు తెప్పించుకోగోరాడు. మనమూ నేర్చుకుందాం, పిల్లలకు నేర్పిద్దాం. కానీ పట్టాలు పోయినా, జ్ఞాపకం మసకబారినా, మనల్ని పేరు పెట్టి పిలిచినవాడు మరచిపోడు. మనమెవరమో ఆయన చేతిలో భద్రంగా ఉంది.