అన్నంలోని అగ్నిని తూచిన ఆట్‌వాటర్

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1971లో వెలువరించిన ఆహార విలువల గ్రంథంలో నూరు గ్రాముల మరపట్టిన బియ్యానికి 345 కేలరీలు అని ఉంటుంది. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడెక్కించగల ఉష్ణమే ఆహారశాస్త్రంలో కేలరీ. ఈ లెక్క కట్టడానికి బియ్యాన్ని కాల్చి చూడనక్కరలేదు. అందులో మాంసకృత్తులు 6.8, కొవ్వు 0.5, పిండిపదార్థాలు 78.2 గ్రాములని తెలిస్తే చాలు. మొదటిదానిని నాలుగుతో, రెండవదానిని తొమ్మిదితో, మూడవదానిని మరల నాలుగుతో గుణించి కూడితే సుమారుగా ఆ సంఖ్యయే వస్తుంది. ఈ మూడంకెలను లోకానికి అందించినవారు అమెరికా రసాయనశాస్త్రవేత్త విల్బర్ ఓలిన్ ఆట్‌వాటర్.

ఆయన 1844 మే 3వ తేదీన న్యూయార్క్ రాష్ట్రంలోని జాన్స్‌బర్గ్‌లో జన్మించారు. తండ్రి మెథడిస్టు మతాచార్యులు, మద్యపానానికి బద్ధవిరోధి. ఈ సంగతిని మనం గుర్తుంచుకోవాలి. ఆట్‌వాటర్ వెస్లియన్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, 1869లో మొక్కజొన్న రసాయన స్వరూపంపై పరిశోధనకు యేల్‌లో డాక్టరేటు పొందారు. పిదప లీప్‌జిగ్, బెర్లిన్ నగరాలలో చదువు కొనసాగించి, 1873లో వెస్లియన్‌కే అధ్యాపకులుగా వచ్చారు. తొలినాళ్ళలో ఆయన దృష్టి ఎరువుల మీద, పైరుల మీద ఉండేది. జర్మనీలో కార్ల్ ఫాయిట్ ప్రయోగశాలలో పనిచేసిన తరువాత అది మానవుని భోజనం వైపు మళ్ళింది.

తిన్న అన్నాన్ని అరిగించే శక్తిని మన పెద్దలు జఠరాగ్ని అన్నారు. అది కవిసమయం కాదని, తూచదగిన వేడి అని నిరూపించడానికి ఆట్‌వాటర్ పూనుకున్నారు. భౌతికశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ రోసా సహకారంతో 1890 దశకంలో, విశ్వవిద్యాలయ భవనపు నేలమాళిగలో ఒక గది నిర్మించారు. అది ఒక మనిషి పడుకొనడానికి, కూర్చొనడానికి మాత్రమే సరిపోయేంత చిన్నది. లోపల మడతమంచం, కుర్చీ, బల్ల ఉండేవి. ఒక వ్యక్తి అందులో కొన్ని రోజులపాటు నివసించేవాడు. ఒక్కొక్కప్పుడు కదలని సైకిలును తొక్కేవాడు. ఆయన తిన్న ఆహారాన్ని, విడిచిన శ్వాసను, మలమూత్రాలను తూచి పరీక్షించేవారు. గొట్టాలలో ప్రవహించే నీరు ఆయన దేహపు వేడిని మోసుకొనిపోతే, ఆ నీటి ఉష్ణోగ్రతను కొలిచేవారు. లోనికి వెళ్ళిన శక్తికీ, బయటికి వచ్చిన శక్తికీ మధ్య సగటున నూటికి ఒక వంతు భేదమైనా కనిపించలేదు. శక్తి నశించదన్న సూత్రం మనిషికీ వర్తిస్తుందని తేలింది.

ప్రయోగశాలలో కాల్చినపుడు గ్రాము మాంసకృత్తులు 5.65 కేలరీలు ఇస్తాయి. కాని దేహం వాటిని పూర్తిగా దహించలేదు. గ్రాముకు 1.25 కేలరీల వంతున శక్తి మూత్రంలో యూరియా మొదలైన పదార్థాల రూపంలో వెళ్ళిపోతుంది. మిగిలినదానిలోనూ కొంత జీర్ణం కాదు. ఈ నష్టాలను తీసివేయగా నాలుగు మిగిలింది. కొవ్వుకు 9.4 నుండి జీర్ణంకాని భాగం పోగా దాదాపు తొమ్మిది, పిండిపదార్థాలకు నాలుగు నిలిచాయి. జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ రూబ్నర్ 1885లోనే ఇట్టి అంకెలను ప్రకటించారు. అయితే ఆహారంలో జీర్ణమయ్యే భాగమెంతో ఆట్‌వాటర్ మరింత శ్రద్ధగా లెక్కించారు.

పేదవాడు తన కొద్దిపాటి కూలిడబ్బుతో అధికశక్తిని ఎలా కొనుక్కోగలడన్నది ఆయన నిరంతర చింతన. అయితే కేలరీలు, మాంసకృత్తులే కొలమానమైనందున ఆకుకూరలు, పండ్లు పేదలకు దండుగ ఖర్చుగా ఆయనకు తోచాయి. విటమినుల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. సదుద్దేశంతో ఇచ్చిన సలహాయే అయినా, దానిని పొరపాటనక తప్పదు.

మద్యం విషయంలో మాత్రం ఆయన పొరపడలేదు. 1899 నాటికి ఆ గదిలో జరిగిన ప్రయోగాలలో, మితంగా పుచ్చుకున్న మద్యసారం కూడా దేహంలో దహనమై గ్రాముకు సుమారు ఏడు కేలరీలు ఇస్తున్నట్లు తేలింది. మద్యం కేవలం విషమని పాఠశాల పుస్తకాలు బోధిస్తున్న రోజులవి. మద్యనిషేధవాదులు ఆయనపై మండిపడ్డారు. సారా వర్తకులు ఆ ఫలితాన్ని తమ ప్రకటనలకు వాడుకొనడం ఆయనను మరింత నొప్పించింది. తండ్రి బోధలలో పెరిగిన ఆ మనిషి మద్యపానాన్ని ఏనాడూ సమర్థించలేదు. తన లెక్కను దిద్దుకొననూ లేదు.

1904లో పక్షవాతం ఆయన పరిశోధనను ఆపివేసింది. 1907 సెప్టెంబరు 22న మిడిల్‌టౌన్‌లో కన్నుమూశారు. ఆయన కుమార్తె హెలెన్ ఆట్‌వాటర్ ఆహార విజ్ఞానాన్ని గృహిణులకు అర్థమయ్యేలా వ్రాస్తూ, గృహవిజ్ఞాన పత్రికకు చాలాకాలం సంపాదకురాలిగా పనిచేశారు.