తొలి టాకీ కథానాయిక జుబేదా బేగం

మన దేశపు మొట్టమొదటి టాకీ సినిమాలో కథానాయిక జుబేదా బేగం. ఆమె 1911లో సూరత్‌లో జన్మించారు. ఆడవాళ్లు తెర మీదికి రావడమే తప్పుగా ఎంచే రోజులవి. అయినా తల్లి ఫాత్మా బేగం ముందు తాను నటించి, ఆ తర్వాత కూతుళ్లు జుబేదా, సుల్తానా, షహజాదీలను కూడా తీసుకొచ్చారు. 1926లో 'బుల్బులే పరిస్తాన్' తీసి దేశంలోనే తొలి దర్శకురాలయ్యారు ఆ తల్లి.

చిన్నతనంలోనే మూకీల్లో చేరిన జుబేదాకు అర్దేషిర్ ఇరానీగారు 'ఆలం ఆరా'లో వేషమిచ్చారు. స్టూడియో పక్కనే రైలుపట్టాలు. అందుకని చప్పుడు సద్దుమణిగాక రాత్రిళ్లు షూటింగ్ జరిపేవారు. ప్లేబ్యాక్ లేదు గనుక ఎవరి పాట వాళ్లే పాడుకోవాలి. ముఖం ఒక్కటే చాలిన కాలం పోయి, ఉచ్చారణకు విలువ వచ్చింది. జుబేదా అందులోనూ నెగ్గారు. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్‌లో విడుదలైతే జనం విరగబడ్డారు. ఆ చిత్రానికి పనిచేసిన హెచ్.ఎం. రెడ్డిగారే 1932లో మన తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' తీశారు.

హైదరాబాదుకు చెందిన మహారాజా నర్సింగ్‌గిర్ ధన్‌రాజ్‌గిర్‌ను ఆమె వివాహమాడారు. 1988లో బొంబాయిలో కన్నుమూశారు.

విచారమేమంటే, 'ఆలం ఆరా' ప్రతి ఒక్కటీ నేడు మిగల్లేదు. దేశం మొదట విన్న ఆ కథానాయిక మాట అందులో మనకిక వినబడదు. కనీసం పేరైనా మన పిల్లలకు చెబుదాం.