జాన్ గోల్డింగ్‌హామ్

జాన్ గోల్డింగ్‌హామ్ (1767 - 1849) ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు వేధశాలను నిర్వహించిన ఖగోళ శాస్త్రజ్ఞుడు. మైకేల్ టాపింగ్ 1796లో మచిలీపట్నంలో మరణించగా ఆ బాధ్యత ఇతనికి దక్కింది.

రేఖాంశం లెక్క తప్పితే తీరం చేరే ఓడకు ముప్పు. రేఖాంశం అనగానే విద్యార్థులు పటం మీది గీతనే తలుస్తారు గానీ, నిజానికి అది రెండు ఊళ్ళ గడియారాల మధ్య తేడాయే. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. బృహస్పతి ఉపగ్రహాల గ్రహణాలు చూడగలిగిన వారందరికీ ఒకే క్షణంలో కనిపిస్తాయి గనుక, వాటి మద్రాసు వేళలను గ్రీనిచ్ వేళలతో పోల్చేవారు. గోల్డింగ్‌హామ్ 1802లో మద్రాసు 5 గంటల 21 నిమిషాల 14 సెకండ్లు ముందున్నదని నిర్ధారించాడు. అనగా గ్రీనిచ్‌లో మధ్యాహ్నం 12 అయినపుడు మద్రాసులో సాయంత్రం 5 గంటల 21 నిమిషాలు దాటుతుంది.

తరువాతి కాలంలో రైళ్ళకు ఈ మద్రాసు కాలమే ప్రమాణమైంది. అప్పట్లో కర్నూలు జిల్లాకు చెందిన గిద్దలూరు, మార్కాపురం మీదుగా పోయే రైళ్ళూ దీనినే పాటించాయి. 1906 జనవరి 1న ఐదున్నర గంటల తేడాతో భారత ప్రామాణిక కాలం అమలుకు రాగా, మద్రాసు కాలం కంటే అది సుమారు 9 నిమిషాలు ముందున్నది.

చెన్నైలోని రాజాజీ హాలు కూడా ఇతని నిర్మాణమే. కోటలోనూ సెయింట్ థామస్ మౌంట్‌లోనూ పేల్చే ఫిరంగుల మెరుపుకూ మోతకూ మధ్య సెకండ్లు లెక్కించి ధ్వని వేగాన్ని కొలిచాడు.