రహీం సాహెబు

భారతదేశపు ఫుట్‌బాల్ చరిత్రలో హైదరాబాదుకొక ప్రత్యేక స్థానమున్నది. ఆ స్థానాన్ని సంపాదించి పెట్టినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. బడిపంతులుగా జీవితం ప్రారంభించి, కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పనిచేశారు. వ్యాయామ విద్యలో కూడ శిక్షణ పొందారు. మైదానంలోనూ ఆయన తీరు ఉపాధ్యాయుని తీరే. ఆటగాండ్రందరూ ఆయనను రహీం సాహెబు అని పిలిచేవారు.

1950లో ఆయన హైదరాబాదు నగర పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ యేడు మొదలు 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పు ఆ జట్టుకే దక్కింది. కలకత్తా జట్లదే రాజ్యమనుకొన్న ఆ రోజులలో ఇది సామాన్య విషయం కాదు. బంతిని ఒక్కరే తమ కాళ్లవద్ద ఉంచుకొని పరుగెత్తడం ఆయనకు నచ్చేది కాదు. అందుకని ఆ విధంగా ఆడరాదన్న నియమంతో పోటీలు పెట్టించేవారు. అలవాటులేని కాలితో మాత్రమే తన్నవలెనన్న పోటీలు కూడ జరిపించారు. కుర్రవాండ్రకు అవి వినోదంగా తోచినా, వాటి ఫలితం పెద్ద ఆటలలో కనిపించింది.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణపతకం గెలిచింది. మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తుగా ఓడింది. మనవారిలో పలువురు ఆ చలిదేశంలో వట్టికాళ్లతో ఆడారు. జీవిత చరిత్రలు సాధారణంగా ఇటువంటి ఓటములను దాటవేస్తాయి. కాని ఈ ఓటమి తరువాతనే మన క్రీడాకారులకు బూట్లు తప్పనిసరి అయినాయి. నాలుగేండ్లకు 1956లో మెల్‌బోర్న్‌లో భారత్ 4–2తో ఆస్ట్రేలియాను ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనలు చేరిన తొలి ఆసియా దేశమయింది. చివరకు నాలుగవ స్థానం దక్కింది. 1960 రోమ్ ఒలింపిక్సులో ఫ్రాన్సును 1–1తో నిలువరించింది. ఆ జట్టులో ఆయన కుమారుడు హకీం కూడ సభ్యుడే. అయినా ఒక్క ఆటలోనూ అతనికి అవకాశం రాలేదు.

1962లో జకార్తా ఆసియా క్రీడల తొలి ఆటలో దక్షిణ కొరియా 2–0తో మనలను ఓడించింది. థాయిలాండుతో జరిగిన ఆటలో వెనుక వరుసకు ఆయువుపట్టు వంటి జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినాయి. అట్టివానిని ఏ శిక్షకుడైనా పక్కన కూర్చుండబెట్టును. రహీం మాత్రం సెమీఫైనలులో అతనిని ముందు వరుసలో నిలిపారు. సాహసమే! గురి తప్పితే నింద అంతా ఆయనదే. జర్నైల్ గోలు చేశాడు. దక్షిణ వియత్నాంపై 3–2తో జట్టు గెలిచింది.

సెప్టెంబరు 4న తుదిపోటీ. ప్రత్యర్థి మరల దక్షిణ కొరియాయే. ఇజ్రాయిల్, తైవాన్‌లను క్రీడలకు రానీయకపోవడాన్ని ఒక భారతీయ క్రీడాధికారి విమర్శించినందున స్థానిక ప్రజలు మనపై కోపంగా ఉన్నారు. ఆ కోలాహలంలోనే పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరొక గోలు చేయగా, భారత్ 2–1తో గెలిచింది. మన సికింద్రాబాదు వాడైన తులసీదాస్ బలరాం కూడ ఆ జట్టులో ఉన్నాడు.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం క్యాన్సర్ వ్యాధితో మరణించారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ ఆ తరువాత 1970లో కాంస్యం గెలిచింది. స్వర్ణం మాత్రం మరల రాలేదు.