బదిలీల ఇంటి నుంచి ఫిలడెల్ఫియాకు: డాక్టర్ ఆనందీబాయి జోషి

మీ సొంత ఊరేదని ఎవరైనా అడిగితే మన విద్యాలయంలో చాలామంది పిల్లలు ఒక్క క్షణం ఆగుతారు. పుట్టింది ఒక ఊళ్లో, అక్షరాలు దిద్దింది మరో ఊళ్లో, ఇప్పుడు చదువుతున్నది ఇంకో రాష్ట్రంలో. నాన్నకో అమ్మకో బదిలీ ఆర్డరు వస్తుంది. సామాను లారీ ఎక్కుతుంది. టి.సి. చేతికి వస్తుంది. ఉపాధ్యాయులమైన మా బతుకూ అలాంటిదే. అందుకే ఈ సంచికలో మనలాంటి బదిలీల ఇంటి నుంచి బయల్దేరి, సముద్రాలు దాటి వెళ్లి చదువుకున్న ఒక అమ్మాయి కథ చెప్పుకుందాం. ఆమె పేరు ఆనందీబాయి జోషి. పాశ్చాత్య వైద్యంలో డిగ్రీ పొందిన తొలి భారతీయ మహిళల్లో ఒకరు.

ఆమె 1865 మార్చి 31న పుట్టింది. పుట్టింటివారు బొంబాయి దగ్గరి కల్యాణ్‌కు చెందినవారు. చిన్నప్పటి పేరు యమున. ఆ రోజుల ఆచారం ప్రకారం తొమ్మిదేళ్లకే పెళ్లి చేశారు. భర్త గోపాలరావు జోషి ఆమెకన్నా దాదాపు ఇరవయ్యేళ్లు పెద్దవాడు. పెళ్లయ్యాక ఆమె పేరు ఆనంది అయింది.

గోపాలరావు తపాలా శాఖలో గుమస్తా. అంటే బదిలీల ఉద్యోగమే. అలీబాగ్, కొల్హాపూర్, కచ్‌లోని భుజ్, కలకత్తా, దాని దగ్గరి శ్రీరాంపూర్, ఇలా ఊరి తర్వాత ఊరు మారుతూ వచ్చారు. ఒక చోట మరాఠీ, ఒక చోట కచ్ఛీ, గుజరాతీ, ఇంకో చోట బెంగాలీ. ఈ జాబితా చదువుతుంటే మనలో కొందరికి తమ పాత రిపోర్టు కార్డులు గుర్తుకు రావచ్చు.

ఆ కాలంలో పెళ్లయిన ఆడపిల్ల పుస్తకం పట్టుకుంటే తప్పుగా చూసేవారు. గోపాలరావుకు మాత్రం భార్య చదువుకోవాలన్న పట్టుదల ఉండేది. ఆయన దగ్గరుండి చదివించాడు. అయితే ఆయన కోపిష్ఠి. చదువు పక్కనపెడితే తిట్టేవాడు, చేతికందిన వస్తువు విసిరేవాడు, కొట్టేవాడు. ఆ దెబ్బలు తన మనసును ఎంత బాధించాయో ఆనంది తర్వాత అమెరికా నుంచి ఆయనకే ఉత్తరంలో రాసింది. చదువు చెప్పే మేము ఈ సంగతి దాచదలచుకోలేదు. ఆయన చేసిన మేలు నిజం, ఆమె పడిన బాధా నిజం.

వీధిలోనూ తిప్పలు తప్పలేదు. బొంబాయిలో పుస్తకాలు పట్టుకుని బడికి నడిచి వెళ్తుంటే దారిన పోయేవాళ్లు వేళాకోళం చేసేవారు. కలకత్తాలో భర్త పక్కన రోడ్డు మీద నడిస్తే జనం ఆగి మరీ చూసేవారు. కొత్త ఊళ్లో అందరి కళ్లూ మన మీదే ఉన్నట్టు అనిపించే ఆ మొదటి వారం మనకు తెలుసు. ఆమెకు అది ఏళ్ల తరబడి సాగింది.

పద్నాలుగేళ్ల వయసులో ఆనందికి ఒక మగబిడ్డ పుట్టాడు. పది రోజులకే చనిపోయాడు. సరైన వైద్యం అంది ఉంటే బతికేవాడేమోనన్న బాధ ఆమెను వదల్లేదు. మగ డాక్టరుకు చూపించుకోవడానికి ఆడవాళ్లు జంకే కాలం అది. ఆడ డాక్టర్లా, చాలా అరుదు. ఆ లోటు తీర్చడానికి తానే డాక్టరు కావాలని ఆమె నిశ్చయించుకుంది.

గోపాలరావు కొల్హాపూర్‌లో ఉన్నప్పుడే భార్యను అమెరికాలో చదివించడానికి సాయం కోరుతూ ఒక మిషనరీకి ఉత్తరం రాశాడు. మతం మారితే చూద్దామన్న ధోరణిలో జవాబు వచ్చింది. ఆ ఉత్తర ప్రత్యుత్తరాలు అమెరికాలో ఒక మిషనరీ పత్రికలో అచ్చయ్యాయి. న్యూజెర్సీ రాష్ట్రంలో రోసెల్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి థియోడిషియా కార్పెంటర్ అనే గృహిణి పళ్ల డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుని, చేతికి దొరికిన ఆ పత్రిక తిరగేసింది. ముక్కూమొహం తెలియని ఆ అమ్మాయి ఆశ ఆమెను కదిలించింది. ఇంటికి వెళ్లి ఉత్తరం రాసింది. ఒక్కొక్క జవాబుకు వారాల తరబడి ఎదురుచూస్తూ ఇద్దరూ కొన్నేళ్లు రాసుకున్నారు. ఆనంది ఆమెను వరుస కలిపి పిన్నిగా భావించింది.

ప్రయాణం సంగతి బయటికి రాగానే శ్రీరాంపూర్‌లో గొడవ మొదలైంది. సముద్రం దాటితే కులం పోతుందన్నారు. ఆడది ఒంటరిగా ఎలా వెళ్తుందన్నారు. 1883 ఫిబ్రవరి 24న ఆనంది శ్రీరాంపూర్ కాలేజీ హాలులో జనం ముందు నిలబడి ఇంగ్లీషులో మాట్లాడింది. ఎందుకు వెళ్తున్నదీ, ఇక్కడే ఎందుకు చదవలేకపోతున్నదీ, భర్త ఎందుకు వెంట రావడం లేదో ఒక్కొక్క ప్రశ్నే తీసుకుని జవాబు చెప్పింది. హిందువుగానే వెళ్లి హిందువుగానే తిరిగి వస్తానని మాట ఇచ్చింది. అప్పటికి ఆమెకు ఇంకా పద్దెనిమిదేళ్లు నిండలేదు. ఆ ఉపన్యాసం తర్వాత సాయం చేయడానికి కొందరు ముందుకు వచ్చారు.

1883 ఏప్రిల్ 7న కలకత్తాలో ఓడ ఎక్కింది. తోడుగా మిషనరీ స్త్రీలు ఉన్నారే తప్ప తనవాళ్లంటూ ఎవరూ లేరు. ఆమె శాకాహారి కావడంతో ఓడలో తినగలిగినవి కొద్దే. జూన్ 4న న్యూయార్క్ రేవులో దిగేసరికి కార్పెంటర్ స్వయంగా వచ్చి ఎదురుచూస్తోంది. ఆ ఎండాకాలమంతా ఆనంది రోసెల్‌లో వారింట్లోనే ఉండి అక్కడి అలవాట్లు తెలుసుకుంది.

ఆ శరదృతువులో ఫిలడెల్ఫియాలోని వుమెన్స్ మెడికల్ కాలేజీలో చేరింది. 1850లో స్త్రీల కోసమే పెట్టిన కాలేజీ అది. అక్కడి డీన్ రేచల్ బాడ్లీ ఆమెను ఎంతో ఆదరంగా చూసింది. కాలేజీవారు విద్యార్థి వేతనం కూడా ఇచ్చారు. అయినా రోజు గడవడం తేలిక కాలేదు.

మొదటి చిక్కు బట్టలది. మహారాష్ట్ర ఆడవాళ్లు కట్టే తొమ్మిది గజాల చీర కచ్చ పోసి కట్టేది. దానిలో పిక్కల భాగం కొంత కనబడుతుంది. ఫిలడెల్ఫియా మంచులో అది చలికి ఆగదు. అక్కడివారి దృష్టిలో ఆడవాళ్ల కాళ్లు కనబడటం మర్యాదా కాదు. గౌను వేసుకుంటే సమస్య తీరిపోయేది. ఆమె గౌను వేసుకోలేదు. కట్టు మాత్రం మార్చింది. గుజరాతీ ఆడవాళ్లలా పాదాల దాకా కుచ్చిళ్లు వచ్చేలా చీర కట్టుకుంది. గుజరాత్ వైపు భుజ్‌లో ఉండి వచ్చిన అమ్మాయికి ఆ కట్టు కొత్త కాదు కదా!

రెండోది తిండి. మాంసం ముట్టనని ఆమె నియమం. చుట్టూ ఉన్నవారి భోజనంలో ప్రధానమైనది అదే. గదిలో తన వంట తానే చేసుకునేది. పగలంతా క్లాసులు, రాత్రి చదువు, మధ్యలో పొయ్యి. ఆమె అద్దెకున్న గదిలో చలిమంట గూడు సరిగా పనిచేసేది కాదు. వెలిగిస్తే గది నిండా పొగ, వెలిగించకపోతే ఎముకలు కొరికే చలి.

మూడోది భాష. పాఠాలు, పరీక్షలు అన్నీ ఇంగ్లీషులోనే. శరీర నిర్మాణం, రసాయన శాస్త్రం, మందుల లక్షణాలు, ప్రసూతి వైద్యం అన్నీ ఆ భాషలోనే నేర్చుకుంది. భర్తకు మాత్రం మరాఠీలో ఉత్తరాలు రాసేది. చదువు ఒక భాషలో, మనసులో మాట మరో భాషలో. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు, వీధిలో ఆ ఊరి భాష మాట్లాడే మీకు దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు.

ఆ కాలేజీలో దూరం నుంచి వచ్చింది ఆమె ఒక్కతే కాదు. 1885 అక్టోబరులో తీసిన ఒక ఫొటో ఉంది. చీర కట్టుకున్న ఆనంది, కిమోనో వేసుకున్న జపాన్ విద్యార్థిని కెయి ఒకామి, తన ప్రాంతపు దుస్తుల్లో డమాస్కస్ నుంచి వచ్చిన సబాత్ ఇస్లాంబూలీ పక్కపక్కన ఉంటారు. మూడు దేశాలు, మూడు భాషలు, మూడు రకాల దుస్తులు, ఒకటే పాఠ్యపుస్తకం. తర్వాత ఆ ఇద్దరూ కూడా డాక్టర్లయ్యారు. మన తరగతి గ్రూప్ ఫొటోలో యూనిఫాం ఒకటే అయినా ఎన్ని రాష్ట్రాల పిల్లలు ఉంటారో లెక్కపెట్టి చూడండి.

1886 మార్చి 11న ఆనందికి ఎం.డి. పట్టా వచ్చింది. మన దేశంలో పూర్వం నుంచి ఉన్న ప్రసూతి వైద్య పద్ధతుల మీద ఆమె పరిశోధన వ్యాసం రాసింది. చదవడానికి వెళ్లిన చోట తన దేశపు జ్ఞానాన్నే విషయంగా ఎంచుకుందన్నమాట. అప్పటికి గోపాలరావు కూడా అమెరికా చేరుకున్నాడు. స్త్రీల చదువు కోసం జీవితం ధారపోసిన పండిత రమాబాయి ఇంగ్లండు నుంచి వచ్చి ఆ వేడుక చూసింది. విక్టోరియా రాణి నుంచి అభినందన సందేశం వచ్చింది.

కొల్హాపూర్ సంస్థానం ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. అక్కడి ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో స్త్రీల వార్డు బాధ్యత. ఒకప్పుడు గుమస్తా భార్యగా బదిలీ మీద వెళ్లిన ఊరికి ఇప్పుడు డాక్టరుగా వెళ్లబోతోంది.

కానీ ఆ వార్డులో ఆమె అడుగు పెట్టలేకపోయింది. చలి, చాలీచాలని తిండి, చదువు బరువు కలిసి అమెరికాలోనే ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. క్షయ సోకింది. దానికి కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882లోనే కనుగొన్నాడు. జబ్బును నయం చేసే మందు దొరకడానికి మాత్రం 1940ల దాకా ఆగాల్సి వచ్చింది. 1886 చివర్లో స్వదేశం చేరిన ఆనంది, 1887 ఫిబ్రవరి 26న పూణేలో కన్నుమూసింది. ఇరవై రెండో పుట్టినరోజుకు ఇంకా నెల రోజులుంది.

ఇంత చిన్న జీవితం నుంచి మనం ఏం తెలుసుకోవాలి? కొత్త చోటికి వెళ్లేవారికి రెండు సలహాలు ఎప్పుడూ దొరుకుతాయి. అంతా మారిపొమ్మంటారు కొందరు. ఏదీ మార్చుకోవద్దంటారు మరికొందరు. ఆనంది రెండూ వినలేదు. చీర ఉంచుకుంది, కట్టు మార్చింది. ఇంగ్లీషు నేర్చుకుంది, మరాఠీ వదల్లేదు. ఏది మార్చుకోవచ్చో, ఏది తనదో ఒక్కొక్కటీ తానే ఆలోచించి తేల్చుకుంది. తిండి విషయంలో మాట నిలబెట్టుకోవడానికి చాలా కష్టపడింది. అది ఆమె నిర్ణయం, దాన్ని గౌరవిద్దాం. కాని వేళకు కడుపు నిండా భోజనం, వెచ్చని గది దొరికి ఉంటే ఆ ఒంటికి మరికొంత బలం ఉండేది కదా అని మాకు అనిపిస్తుంది. అందుకే కొత్త ఊళ్లో తిండి పడకపోయినా, ఒంట్లో బాగాలేకపోయినా, మనసు బాగాలేకపోయినా మీలో ఎవరూ లోపల దాచుకోవద్దు. ఇంట్లో చెప్పండి. మాకు చెప్పండి.

ఇంకొక్క సంగతి. ఆనంది చితాభస్మంలో కొంత అమెరికా చేరింది. కార్పెంటర్ దాన్ని న్యూయార్క్ రాష్ట్రంలోని పొకీప్సీలో తమ కుటుంబ శ్మశానవాటికలో ఉంచి, పేరు చెక్కిన రాయి పెట్టించింది. పళ్ల డాక్టరు దగ్గర పత్రిక తిరగేసిన ఒక మామూలు గృహిణి, పరాయి దేశపు అమ్మాయిని చివరి దాకా తన ఇంటి మనిషిగానే చూసుకుంది. ఆనంది పేరు చరిత్రలో ఉంది. ఆ గృహిణి పేరు కొద్దిమందికే తెలుసు. కాని ఆమె ఆ మొదటి ఉత్తరం రాయకపోతే ఈ కథ మొదలయ్యేదే కాదు.

మనం ఎక్కువగా ఆనంది వైపు నుంచే ఆలోచిస్తాం, ఎందుకంటే కొత్తవాళ్లమై వెళ్లేది మనమే. అయితే ఏప్రిల్‌లో కొత్త సెషన్ మొదలవగానే మన తరగతుల్లోకి కొత్త అడ్మిషన్లు వస్తాయి. ఎక్కడి నుంచో వచ్చిన ఒక పాప యూనిఫాం కుట్టించుకునే లోపు రంగు బట్టల్లోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడుతుంది. ఆ రోజు మనం కార్పెంటర్ వైపు ఉన్నట్టు. బెంచీ మీద కాస్త జరిగి చోటివ్వడం, మంచినీళ్ల కుళాయి ఎక్కడుందో చూపించడం, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి పక్కన కూర్చోబెట్టుకోవడం మనలో ఎవరైనా చేయగలం.